పాత హార్డ్ డిస్కుల మాగ్నెట్లు: అలాగే వాడాలా, హైడ్రోజన్‌తో పొడి చేయాలా, యాసిడ్‌లో కరిగించాలా?

కిలో నియోడిమియం మాగ్నెట్లు తీసుకుంటే అందులో 300 గ్రాములకు అటూఇటూగా రేర్ ఎర్త్ లోహాలు (నియోడిమియం, డిస్ప్రోసియం లాంటివి) ఉంటాయి. ఇనుము 650 గ్రాముల పైమాటే. బోరాన్ 10 గ్రాములు. మిగిలిన కాస్తా కోబాల్ట్, అల్యూమినియం, రాగి, పైన నికెల్ పూత. గనిలో తవ్విన రాయిలో ఇవే లోహాలు చాలాచోట్ల పది శాతం కూడా ఉండవు. అయినా ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2011లో లెక్క తీస్తే, వాడి పారేసిన వస్తువుల నుంచి రేర్ ఎర్త్ లోహాలు మళ్లీ చేతికొచ్చేది ఒక్క శాతం కన్నా తక్కువని తేలింది.

పద్ధతులు లేక ఇలా జరగలేదు. అసలు నష్టం ష్రెడర్‌లో, అంటే తుక్కును ముక్కలుగా చీల్చే యంత్రంలో జరుగుతుంది. నియోడిమియం మాగ్నెట్ గాజులా పెళుసు. ష్రెడర్ బ్లేడ్ల కింద పడగానే ముక్కలై, ఆ ముక్కలు దగ్గరున్న ప్రతి ఉక్కు రేకుకూ, యంత్రం గోడలకూ అతుక్కుపోతాయి. ఉక్కు తుక్కుతో కలిసి కొలిమికి చేరాక రేర్ ఎర్త్ అంతా ఆక్సైడ్‌గా మారి చిట్టెంలో కలుస్తుంది. అక్కడి నుంచి దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదనే అనుకోవాలి.

అందుకే "ఏ పద్ధతి మంచిది" అనే ప్రశ్నకు జవాబు కుప్పలోనే ఉంటుంది. ఒకే రకం, పూత చెడని, తుప్పు పట్టని మాగ్నెట్లయితే దగ్గరి దారి ఉంది. కలగాపులగం, తుప్పు, రజను అయితే దూరపు దారే గతి. దగ్గరి దారిలో వెళ్లగలిగిన సరుకును దూరపు దారి పట్టిస్తే, ఒకసారి లోహంగా, మిశ్రమంగా, మాగ్నెట్‌గా మారడానికి పట్టిన శ్రమంతా యాసిడ్‌లో పోసినట్టే.

కుప్పలో ఏముంది

ఎలక్ట్రానిక్ తుక్కులో దొరికే మాగ్నెట్లన్నీ నియోడిమియం కావు. పెద్ద స్పీకర్ల వెనక ఉండే నల్లటి రింగు, మైక్రోవేవ్ ఓవెన్ మాగ్నెట్రాన్ (తరంగాలు పుట్టించే గొట్టం)లోని రింగులు ఫెర్రైట్, అంటే ఇనుప ఆక్సైడ్‌తో చేసినవి. వాటిలో రేర్ ఎర్త్ ఉండదు. పూత ఉండదు, పింగాణీలా విరుగుతాయి, ఘన సెంటీమీటరుకు 5 గ్రాముల లోపే తూగుతాయి, నియోడిమియం 7.5 గ్రాముల దగ్గర ఉంటుంది. ఫెర్రైట్ కోసం మాగ్నెట్రాన్‌ను పగలగొట్టే పని అసలు పెట్టుకోకండి: కొన్నిటి సిరామిక్ భాగంలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడు చేస్తుంది. పూత లేకుండా బూడిద రంగులో ఉండి, ఇంకా బరువుగా (8.3 దాకా) తూగేది సమారియం కోబాల్ట్ కావచ్చు. దానికి వేరే డబ్బా.

నియోడిమియంలోనూ రెండు తెగలున్నాయి, హార్డ్ డిస్కులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. రీడ్ హెడ్ చేతిని కదిపే నెలవంక ఆకారపు మెరిసే పలకలు సింటర్డ్ మాగ్నెట్లు, అంటే పొడిని అచ్చులో నొక్కి కాల్చి గట్టి లోహంగా చేసినవి. డిస్కును తిప్పే మోటారు లోపల ఉండే సన్నని ముదురు రంగు రింగు బాండెడ్ మాగ్నెట్, అంటే పొడిని ఎపాక్సీతో అతికించింది. బాండెడ్ రింగులు కొన్ని సింటర్డ్ డబ్బాలో పడితే చాలు, ఆ జిగురులోని కార్బన్ కొత్త మాగ్నెట్‌లోకి చేరి దాని బలాన్ని తినేస్తుంది.

గ్రేడు సంగతి: ఎన్35, ఎన్52 అని అక్షరం లేకుండా ముగిసేవి 80 డిగ్రీల సెల్సియస్ దాకా పనిచేస్తాయి. చివర ఎస్‌హెచ్ ఉంటే 150, యూహెచ్ ఉంటే 180. ఆ తట్టుకునే శక్తి చాలావరకు డిస్ప్రోసియం, టెర్బియం ఇచ్చేది. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతి నియంత్రణ పెట్టిన ఏడు రేర్ ఎర్త్ లోహాల్లో ఈ రెండూ ఉన్నాయి. అందుకే ఏసీ కంప్రెసర్లు, వాహన మోటార్ల నుంచి వచ్చిన మాగ్నెట్లను హార్డ్ డిస్కు మాగ్నెట్లతో కలపకండి. తెగిన బంగారు గొలుసును దాచినట్టు విడిగా దాచాల్సిన సరుకది. చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రేలతో ఏ లోహాలున్నాయో చెప్పే పరికరం)తో డిస్ప్రోసియం చూడవచ్చు, కానీ పూత మీద పెడితే నికెల్ మాత్రమే చూపిస్తుంది. ఒక మూల పూత తీసి చూడాలి. బోరాన్‌ను ఆ గన్ చదవలేదు.

ఇక తూకం. 3.5 అంగుళాల డ్రైవ్‌లో సాధారణంగా 10–15 గ్రాములు వస్తాయి, పాత వాటిలో ఇంకా ఎక్కువ. అంటే కిలోకి 70–100 డ్రైవ్‌లు. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో 3 గ్రాముల దాకా. మామూలు ఫోన్‌లో స్పీకర్, వైబ్రేషన్ మోటారు అన్నీ కలిపినా గ్రాము దరిదాపుల్లోనే. చేత్తో విప్పితే గిట్టదు, యంత్రాలకు వదిలేయాలి. ఎస్‌ఎస్‌డీలో మాగ్నెట్ ఉండదు.

విప్పడం

ముందు డేటా చెరపండి, తర్వాతే స్క్రూడ్రైవర్. 3.5 అంగుళాల డ్రైవ్‌కు టార్క్స్ టి8 బిట్ సరిపోతుంది, చిన్నవాటికి టి6 లేదా టి5. కనిపించే స్క్రూలన్నీ తీశాక కూడా మూత కదలకపోతే బలం వాడకండి. లేబుల్ మీద, చేయి తిరిగే ఇరుసు ఉన్నచోట బొటనవేలితో నొక్కుతూ పోతే చిన్న గుంట తగులుతుంది. అక్కడ కాగితం చింపితే దాగిన స్క్రూ బయటపడుతుంది. మూత లేచాక మూలలో రెండు మందపాటి ఉక్కు పలకలు, మధ్యలో రాగి తీగ చుట్ట కనిపిస్తాయి. పై పలక చాలా డ్రైవ్‌లలో స్క్రూ లేకుండా కేవలం అయస్కాంత బలంతో కూర్చుంటుంది. నిట్టనిలువుగా లాగితే రాదు. ఒక మూల కింద ఫ్లాట్ స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే అంచు తెరుచుకుని వదిలేస్తుంది. రెండు పలకల మధ్య వేలు పెట్టకండి. ల్యాప్‌టాప్ డ్రైవ్‌ల డిస్కులు తరచూ గాజువి, వంచితే పేలినట్టు పగులుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి.

ఇక పలక నుంచి మాగ్నెట్‌ను ఊడదీయడం. ఎక్కువ సరుకు పాడయ్యేది ఇక్కడే. స్క్రూడ్రైవర్ మొనతో అంచున పొడిస్తే నికెల్ పూత పెచ్చుగా లేచి, మాగ్నెట్ మూల చిట్లుతుంది. దానికి బదులు ఉక్కు పలకను ఒక చివర బెంచ్ వైస్‌లో బిగించి, రెండో చివరను రెంచ్‌తో మాగ్నెట్ లేని వైపుకు కొద్దిగా వంచండి. పలక వంగుతుంది, మాగ్నెట్ వంగలేదు, జిగురు పొర టక్కుమని విడిపోతుంది. దూకే ముక్క ఎక్కడికీ పోకుండా మందపాటి గుడ్డ కప్పి వంచితే మంచిది.

వేడి చేసి ఊడదీసే పద్ధతీ ఉంది: 350 డిగ్రీల దగ్గర అరగంట నుంచి గంట. జిగురు కాలిపోతుంది, 310 డిగ్రీలు దాటాక అయస్కాంతత్వమూ పోతుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. కానీ కాలే ఎపాక్సీ పొగ విషం, పొగగొట్టం ఉన్న కొలిమిలోనే చేయాలి. పైగా మాగ్నెట్‌గానే మళ్లీ వాడాలనుకుంటే ఈ దారి మూసుకున్నట్టే. హైడ్రోజన్ పద్ధతికి పంపేదైతే అనవసరం, గాలిలో వేడెక్కి పైపొర ఆక్సీకరణ చెందడమే మిగులుతుంది. యాసిడ్‌కు పంపేదైతే ఇబ్బంది లేదు.

ఎక్కువ సరుకు ఉంటే చేత్తో విప్పడం నిలవదు. హిటాచీ 2010లో చూపిన యంత్రం డ్రైవ్‌లను డ్రమ్ములో దొర్లించి విడగొట్టి గంటకు దాదాపు 100 మాగ్నెట్లు తీసింది. మనిషి తీసేది గంటకు 12 దాకానే. ముక్కలు చేయకుండా దొర్లించడమే ఆ యంత్రంలోని తెలివి.

మొదటి దారి: మాగ్నెట్‌ను మాగ్నెట్‌గానే

రసాయనం వద్దు, కొలిమి వద్దు, నష్టం సున్నా. పరిమితి ఆకారం. హార్డ్ డిస్కు మాగ్నెట్‌కు ఒకే ముఖం మీద ఉత్తర, దక్షిణ ధ్రువాలు రెండూ ఉంటాయి, వంపు ఆకారం. కొత్త మోటారులో పనికిరాదు. పనిముట్లు పట్టే పట్టీలకు, ద్రవాల్లోంచి ఇనుప రజను పట్టే వడపోతలకు, బిగింపు ఫిక్స్చర్లకు బాగా పనికొస్తుంది. ఉక్కు పలకతో కలిపి ఉంచితే పట్టు ఇంకా ఎక్కువ, పలక నుంచి ఊడదీయకుండానే వాడండి.

కంప్రెసర్, సర్వో మోటార్ల దీర్ఘచతురస్రపు పలకలు వేరే కథ. ఒకే మోడల్ రోటార్లు వందల్లో వస్తుంటే, కొలత, పూత, గాస్‌మీటర్ (అయస్కాంత బలం కొలిచే పరికరం) రీడింగు చూసి ఏరి, మళ్లీ అదే మోడల్ మోటార్లకు వాడవచ్చు. అయస్కాంతత్వం పోయిన వాటిని తిరిగి ఎక్కించాలంటే 3 టెస్లాల దాకా క్షేత్రం ఇచ్చే కెపాసిటర్ డిశ్చార్జ్ యంత్రం కావాలి. మామూలు కాయిల్‌తో కాదు.

పూత చిట్లిన ముక్కను మాత్రం ఈ దారిలో పెట్టకండి. రేణువుల మధ్యనున్న నియోడిమియం పొర గాలిలోని తేమతో చర్య జరిపి, కొన్ని నెలల్లో మాగ్నెట్ అంచు బూడిద పొడిగా రాలుతుంది. కోసి, డ్రిల్ చేసి ఆకారం మార్చే ఆలోచనా వద్దు. పొడిగా రుద్దితే ఎగిరే రజను నిప్పురవ్వలై మండుతుంది.

రెండో దారి: హైడ్రోజన్

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రెక్స్ హ్యారిస్ బృందం తీర్చిదిద్దిన పద్ధతి ఇది. దాన్ని పరిశ్రమకు తేవడానికి 2018లో హైప్రోమాగ్ సంస్థ పుట్టింది. సరుకు తగినదైతే దీనికి సాటి లేదని మా గట్టి అభిప్రాయం.

సింటర్డ్ మాగ్నెట్‌ను సూక్ష్మదర్శినిలో చూస్తే ఇటుక గోడలా ఉంటుంది. ఇటుకలు కొన్ని మైక్రాన్ల రేణువులు. మధ్యలో సున్నం స్థానంలో నియోడిమియం ఎక్కువగా ఉన్న పలుచటి పొర. గది ఉష్ణోగ్రతలోనే, రెండు బార్ల దాకా పీడనంతో హైడ్రోజన్ పంపితే అది ముందు ఆ సున్నంలోకి చేరుతుంది. పొర ఉబ్బి వేడెక్కుతుంది. తర్వాత ఇటుకలూ హైడ్రోజన్ పీల్చుకుని ఘనపరిమాణంలో దాదాపు ఐదు శాతం పెరుగుతాయి. గోడ తనంతట తానే కూలి పొడి అవుతుంది. నికెల్ పూత హైడ్రోజన్ పీల్చదు కాబట్టి ఉల్లి పొరలా చుట్టుకుపోయి విడిగా మిగులుతుంది, జల్లెడ పడితే పోతుంది. ఇంకో మేలు: హైడ్రోజన్ పట్టిన పొడి అయస్కాంతత్వం కోల్పోతుంది, ఉక్కుకు అతుక్కోదు. ష్రెడర్‌లో మనల్ని ఓడించిన సమస్య ఇక్కడ ఉండదు. హార్డ్ డిస్కును పూర్తిగా విప్పకుండా, మాగ్నెట్ ఉన్న మూలను కోసి తిరిగే డ్రమ్ములో వేస్తే కొన్ని గంటల్లో పొడి కిందికి రాలుతుంది. డ్రమ్ములో వేసే ముందు పూతను ఎక్కడో ఒకచోట పగలగొట్టాలన్న సంగతి మరవకండి, లేకపోతే వాయువు లోపలికి వెళ్లే సందే ఉండదు.

ఆ పొడిని జెట్ మిల్లులో 3–5 మైక్రాన్లకు నలిపి, అయస్కాంత క్షేత్రంలో అమర్చి నొక్కి, వ్యాక్యూమ్‌లో వేడి చేసి హైడ్రోజన్‌ను బయటికి లాగి, 1050–1100 డిగ్రీల మధ్య కాల్చితే మళ్లీ సింటర్డ్ మాగ్నెట్. లోహాన్ని విడదీయలేదు, ఆక్సైడ్ చేయలేదు, మళ్లీ క్షయకరణం చేయనక్కర్లేదు.

బెడిసికొట్టేది ఆక్సిజన్ వల్ల. పాత మాగ్నెట్‌లోని ఆ సున్నం పొర కొంత ముందే ఆక్సీకరణ చెంది ఉంటుంది; పొడి చేసేటప్పుడు ఇంకొంత. కాల్చేటప్పుడు కరిగి రేణువులను అతకాల్సింది అదే. అది తగ్గితే కొత్త మాగ్నెట్ సాంద్రత అందుకోదు, బలం నిలబెట్టుకునే శక్తి పడిపోతుంది. దీనికి మందు ఒకటి నుంచి ఐదు శాతం కొత్త నియోడిమియం హైడ్రైడ్ కలపడం. తుప్పు బాగా పట్టిన మాగ్నెట్ అసలు హైడ్రోజన్ పీల్చదు. గ్రేడులు కలిసిన కుప్పయితే సగటు మిశ్రమం వస్తుంది. ఏ ఉష్ణోగ్రతకు నిలుస్తుందో ప్రతి బ్యాచికీ పరీక్షించాల్సి ఉంటుంది. హార్డ్ డిస్కు మాగ్నెట్లు ఈ పద్ధతికి ముద్దుబిడ్డలు కావడానికి కారణం వాటి మిశ్రమాలు ఒకదానికొకటి దగ్గరగా ఉండడమే.

ఈ పని షెడ్డులో చేసేది కాదు. హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత ఉన్నా పేలుతుంది. ఆ లోహపు పొడికి గాలి తగిలితే తనంతట తానే అంటుకుంటుంది, ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులోనే ముట్టుకోవాలి.

మూడో దారి: యాసిడ్

తుప్పు పట్టినవి, బాండెడ్ రింగులు, కోత రజను, గ్రేడు తెలియని కలగాపులగం, అన్నిటినీ మింగగల దారి ఇదొక్కటే. ధర కూడా అంతే. కిలో మాగ్నెట్లను సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో పూర్తిగా కరిగిస్తే ఏమవుతుందో లెక్క చూడండి. స్వచ్ఛమైన యాసిడ్ దాదాపు 1.5 కిలోలు ఖర్చవుతుంది. అందులో ఐదింట నాలుగు వంతులు మనకు అక్కర్లేని ఇనుముకే. గది ఉష్ణోగ్రత దగ్గర 350 లీటర్లకు పైగా హైడ్రోజన్ వాయువు లేస్తుంది. మిగిలే ఇనుమును హీరాకసు (ఐరన్ సల్ఫేట్ స్ఫటికాలు)గా తీస్తే 3.3 కిలోలు. ఇదంతా దాటాక చేతికొచ్చే రేర్ ఎర్త్ ఆక్సైడ్, ఏమీ పోలేదనుకుంటే, 350 గ్రాములు.

పాత, నమ్మకమైన పద్ధతి జంట సల్ఫేట్ అవక్షేపం. 2 మోలార్ (లీటరులో దాదాపు 200 గ్రాముల స్వచ్ఛమైన యాసిడ్ ఉన్న) సల్ఫ్యూరిక్ యాసిడ్ కిలో మాగ్నెట్లకు 12–15 లీటర్లు. మాగ్నెట్ ముక్కలను కొద్దికొద్దిగా వేయాలి. ఒక్కసారి వేస్తే ద్రావణం వేడెక్కుతుంది, నియోడిమియం సల్ఫేట్ వేడిలో ఎక్కువ కరగాల్సింది పోయి తక్కువ కరుగుతుంది, గడువుకు ముందే అడుగున దిగి కరగని ముక్కల మీద పొరకట్టి చర్యను ఆపేస్తుంది. కరిగిన ద్రావణాన్ని వడగట్టి, కాస్టిక్ సోడాతో పీహెచ్ 1.5 దగ్గరికి తెస్తే నియోడిమియం సోడియంతో జతకట్టి గులాబీ-ఊదా రంగు పొడిగా దిగుతుంది, పైన ఇనుము లేత ఆకుపచ్చగా ద్రావణంలోనే ఉండిపోతుంది. ఆ ఆకుపచ్చే మీకు కొలబద్ద. అది పసుపు, గోధుమ రంగుకు తిరిగిందంటే ఇనుము గాలి తగిలి ఫెర్రిక్ (ఇంకాస్త ఆక్సీకరణ చెందిన రూపం) అయింది, సోడియంతో అదీ అవక్షేపమై సరుకును మైల చేస్తుంది. కరిగించిన రోజే అవక్షేపం తీయండి. ఈ పద్ధతి లోపం డిస్ప్రోసియం: దాని జంట సల్ఫేట్ ఎక్కువ కరుగుతుంది, కొంత ఆకుపచ్చ నీళ్లతో పోతుంది. మోటారు మాగ్నెట్లకు ఇది సరైన దారి కాదు.

అవక్షేపాన్ని కాస్టిక్‌తో హైడ్రాక్సైడ్‌గా మార్చి, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి, ఆక్సాలిక్ యాసిడ్‌తో దింపి, 900 డిగ్రీల దగ్గర కాలిస్తే ఆక్సైడ్. 300 గ్రాముల నియోడిమియానికి ఆక్సాలిక్ యాసిడ్ దాదాపు 400 గ్రాములు, పైన ఐదో వంతు అదనం. ఇనుము తీయకుండా మొదటి ద్రావణంలోనే ఆక్సాలిక్ పోసే తప్పు చాలామంది చేస్తారు. ఫెర్రిక్ ఇనుము కిలోకి 4 కిలోలకు పైగా ఆక్సాలిక్‌ను తనలో కట్టేసుకుంటుంది. ఫెర్రస్ (ఆకుపచ్చ ద్రావణంలోని రూపం) అయితే పసుపు రంగు పొడిగా నియోడిమియంతో పాటే దిగుతుంది.

యాసిడ్ ఆదా చేయాలంటే ముందు కాల్చండి. 0.1 మిల్లీమీటరు వరకు నలిపిన పొడిని గాలిలో 800–900 డిగ్రీల దగ్గర కాలిస్తే ఇనుము హెమటైట్ (ఎర్రటి ఇనుప ఆక్సైడ్) అవుతుంది, పలుచటి యాసిడ్‌కు అంత తేలిగ్గా లొంగదు. రేర్ ఎర్త్ లొంగుతుంది. పూర్తిగా కాలిందో లేదో త్రాసే చెబుతుంది: కిలో పొడి 1.35 కిలోల దగ్గరికి రావాలి. తక్కువుంటే రేణువుల లోపల ఇనుము లోహంగానే ఉంది, యాసిడ్ దాని మీదే ఖర్చవుతుంది. ఎక్కువ వేడి చేసి 950 దాటిస్తే నియోడిమియం, ఇనుము కలిసి మొండి ఆక్సైడ్‌గా మారి పలుచటి యాసిడ్‌కు లొంగవు.

అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాల యాసిడ్‌కు బదులు రాగి లవణాల ద్రావణం వాడే మార్గం చూపింది. ఇనుము, నియోడిమియం కరిగి, రాగి లోహంగా దిగుతుంది, హైడ్రోజన్ వాయువు లేవదు. ష్రెడర్ తుక్కులో చెదిరిపోయిన మాగ్నెట్ పొడికి ఇది ఆశ చూపే దారి.

ఏ యాసిడ్ పద్ధతైనా చివరికి మిగిలే నీళ్లలో నికెల్, కోబాల్ట్, బోరాన్ ఉంటాయి. ఆ నీళ్లకు శుద్ధి యూనిట్ లేని చోట ఈ పని మొదలే పెట్టకూడదు. నేల, నీరు పాడు చేసి తీసిన లోహాన్ని రీసైక్లింగ్ అనలేం.

నాలుగో దారి: కొలిమి

కరిగిన మెగ్నీషియంలో నియోడిమియం కరుగుతుంది, ఇనుము కరగదు. మెగ్నీషియం 650 డిగ్రీలకు కరిగి 1090కి మరుగుతుంది కాబట్టి, తర్వాత దాన్ని ఆవిరి చేసి తీసేస్తే నియోడిమియం లోహంగానే చేతికొస్తుంది. ఆక్సీకరణ చెందిన సరుకుకు పనికిరాదు. లోహ పరిశ్రమ ఇప్పటికే నడుపుతున్నవారు తప్ప మిగతావారు దీన్ని పక్కన పెట్టవచ్చు.

మీ కుప్పకు ఏది

నెలకు కొన్ని వందల హార్డ్ డిస్కులు విప్పే చోటయితే ఏ రసాయనమూ మీ పని కాదు. మీ పని ఏరడం. సింటర్డ్ పలకలు ఒక డబ్బా, బాండెడ్ రింగులు ఒక డబ్బా, మోటారు మాగ్నెట్లు మోడల్ రాసి ఇంకో డబ్బా. ఏరిన డబ్బా హైడ్రోజన్ వాళ్లకు పనికొస్తుంది, కలిపిన డబ్బా యాసిడ్‌కే. ఉక్కు పలకతో సహా తీసుకుంటారో, ఊడదీసి ఇవ్వాలో కొనేవారిని ముందే అడగండి; కొందరికి పలకతో ఇవ్వడమే మేలు, పూత చెడదు. అయస్కాంతత్వం తీసేసి కావాలా, ఉన్నదున్నట్టు కావాలా, తేమ ఎంతవరకు ఒప్పుకుంటారు, డిస్ప్రోసియం ఉన్నదానికి వేరే లెక్క కడతారా అని కూడా. విమానంలో పంపాల్సి వస్తే, పెట్టెకు 2.1 మీటర్ల దూరంలో క్షేత్రం 0.002 గాస్ దాటితే నిబంధనలు వర్తిస్తాయి. మాగ్నెట్లను వ్యతిరేక ధ్రువాలు ఎదురెదురుగా జతలు కట్టి, చుట్టూ ఉక్కు రేకు పెడితే ఆ గీత లోపలే ఉండవచ్చు.

కోత రజను వస్తున్న ఫ్యాక్టరీ అయితే ఎంపిక యాసిడ్ దారి వైపే వాలుతుంది, నూనె, ఆక్సిజన్ అప్పటికే కలిసి ఉంటాయి కాబట్టి. రజనును ఎండనివ్వకండి, మండుతుంది. నీళ్లలో ఉంచితే మెల్లగా హైడ్రోజన్ వదులుతుంది, కాబట్టి డ్రమ్ము మూత బిగించకండి, వాయువు పోయే సందు ఉంచి గాలి ఆడే చోట పెట్టండి. అంటుకుంటే నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ ఆర్పలేవు, మంటను పెంచుతాయి. పొడి ఇసుక బస్తా ఒకటి చేతికందే దూరంలో ఎప్పుడూ ఉండాలి, అది నిజంగా పొడిగానే ఉందో లేదో వారానికోసారి చేయి పెట్టి చూడాలి.